కిటికీ తెర మన మగ్గముదే కావలెను

గడచిన తై మాసములో తెన్‌కరలో మన సంఘ సభ్యుని ఇంట గృహప్రవేశమునకు పోయి యుంటిమి. తండ్రి నలుబది ఏండ్లు గుంటమగ్గములో కూర్చుండి నేసిన నేతయు, కుమారుని ఉద్యోగమును కలిసి లేచిన ఇల్లు అది. గోడలకు లేత పసుపు రంగు, నేలకు మెరుగు రాయి, ముందు గదిలో కొత్త సోఫా. అన్నియు చూచి సంతోషించితిమి. కిటికీల వద్దకు వచ్చునప్పటికి మాకు నోట మాట రాలేదు. ప్రతి కిటికీకిని తళతళలాడు పాలియెస్టరు తెరలు, వానిమీద ఏ తోటలోను పూయని పెద్ద పెద్ద పూలు. మా ముఖము చూచి ఆ ఇంటి కోడలు, “మామా, సంఘంలో అడిగినాము. చీర ఉంది, ధోవతి ఉంది, తువ్వాలు ఉంది, తెర గుడ్డ మాత్రం లేదన్నారు. మేమేం చేసేది?” అని అడిగినది. మాకు జవాబు లేకపోయినది. ఈ వ్యాసమును ఆమెకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబుగా భావింప గోరుచున్నాము.

ఇల్లు కట్టినవారికి ఈ సంగతి తెలియును. రంగు వేసి, సామాను సర్దిన తరువాత కూడ గదిలో ఏదో కొరత తోచును. వెలుగు కండ్లలో గుచ్చుకొనును. వీధిన పోవువారు లోపలికి చూచుచున్నట్లు ఉండును. మాట గోడలకు తగిలి గణగణలాడును. తెర కట్టిన దినముననే ఆ గది కుదుటపడును. కనుక గది అలంకారములో తెర చివరి పని. ఆ చివరి పనిని, నేతగాండ్రమైన మనమే, ఇతరులకు వదలివేసితిమి. మా అభిప్రాయములో ఇది పెద్ద పొరపాటు. దీనివలన మనకు పోవుచున్నది ఒక ఇంటి ముచ్చట కాదు, ఖాళీగా ఉన్న మగ్గములకు రావలసిన పని.

మాటల సంగతియే చూడుడు. కిటికీని ఈ సీమలో మనము కూడ జన్నలు అందుము. అది పోర్చుగీసువారి మాట, తమిళముగుండా మన ఇండ్లకు వచ్చినది. కిటికీ అను మాటయు ఉత్తరమునుండి వచ్చినదే. తెర మాత్రము మనది. తమిళుల తిరై, మన తెర ఒకే తల్లి బిడ్డలు. గుడిలో స్వామికి నైవేద్యము వేళ కట్టునది తెర, వీధి నాటకములో వేషగానిముందు పట్టునది తెర. ఆ మాటను నిలుపుకొన్నవారము ఆ గుడ్డను నిలుపుకొనలేమా?

ఈ గుడ్డ మనకు కొత్తదనుట కూడ సరికాదు. మచిలీపట్టణము మొదలుకొని కోరమాండలు తీరమున అచ్చువేసిన, కలముతో వ్రాసిన నూలు గుడ్డలు పదునేడవ శతాబ్దములో ఓడలెక్కి ఐరోపా పోయినవి. పలంపోర్ అని అక్కడివారు పిలిచిన పెద్ద గుడ్డలు వారి మంచములకు కప్పులుగాను, గోడలకు, పడకలకు తెరలుగాను వ్రేలాడినవి. అక్కడి నేతగాండ్రు, ఈ గుడ్డ మా కడుపు కొట్టుచున్నదని గోల చేసిరి. ఫ్రాన్సు 1686లో నిషేధించినది. ఇంగ్లండు 1700లో ఒక శాసనము, 1721లో మరింత కఠినమైన శాసనము చేసినది. ఆ రెండవ శాసనము బట్టలకే గాక పడకలకు, కుర్చీలకు, కిటికీ తెరలకు కూడ అద్దకపు నూలు గుడ్డ వాడరాదని కట్టడి చేసినది. మూడు వందల ఏండ్ల క్రిందట మన తీరపు గుడ్డను పరదేశపు కిటికీనుండి దింపుటకు చట్టము కావలసివచ్చినది. నేడు మన ఇంటి కిటికీనుండి దింపుటకు ఏ చట్టమును అక్కరలేకపోయినది. మనమే దింపుకొంటిమి.

ఇతరులు ఊరకున్నారా? కన్ననూరు నేతగాండ్రు వెడల్పు మగ్గములమీద తెర గుడ్డ, సోఫా గుడ్డ నేసి దేశాంతరములకు పంపి పేరు తెచ్చుకొనిరి. ఆ ఊరి గృహాలంకరణ వస్త్రములకు భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. చెన్నిమలై దుప్పటికి, భవాని జంపఖానాకు ప్రసిద్ధికెక్కినవి. కరూరు గృహ వస్త్రముల ఎగుమతికి పెట్టినది పేరు. తెలంగాణములో పోచంపల్లి, కొయ్యలగూడెము నేతగాండ్రు చీరకు కట్టు చిటికి ముడినే దుప్పట్లకు, తెర గుడ్డలకు కట్టుచున్నారు. చీరయొక్క విద్య చీరతోనే నిలిచిపోవలెనని ఎక్కడను వ్రాసిలేదు. 1985 నాటి రిజర్వేషను చట్టము క్రింద చేనేతకు ప్రత్యేకించిన 11 రకములలో, నిర్ణీత లక్షణములు గల దుప్పట్లు, ఫర్నిషింగు గుడ్డలు కూడ ఉన్నవి. చట్టము మనకొక తలుపు తెరచి పెట్టినది. మనము చీర గడప దాటలేదు.

ఇక మా సొంత తప్పు ఒకటి చెప్పుకొనవలెను. చెప్పకున్నచో ఈ సలహా ఇచ్చుటకు మాకు అర్హత లేదు. కొన్ని ఏండ్ల క్రిందట కొండమీద ఒక వసతి గృహమువారు 24 కిటికీలకు తెరలు కావలెనని మా సంఘమునకు వచ్చిరి. మేము ఉత్సాహముతో ఒప్పుకొంటిమి. వారు ఇచ్చిన కొలతకు సరిగా కోసి, కుట్టించి పంపితిమి. మొదటి ఉతుకునకే తెరలు నాలుగు వ్రేళ్ళు పొట్టివై కిటికీ అడుగు కనబడినది. నూలు రెండు తడవలుగా రంగు వేయించితిమి గనుక, సగము తెరలు ఒక చాయ, సగము మరొక చాయ. ఎండ తగిలిన వైపు రంగు ఆరు మాసములలో వెలిసినది. వారు కోపింపలేదు. మరల రాలేదు, అంతే. నష్టపు సొమ్మును సంఘము రెండేండ్లలో పూడ్చుకొన్నది. పోయిన పేరును ఇంకను పూడ్చుకొనలేదు. తప్పు గిరాకీది కాదు, దళారిది కాదు. నీటిలో తడిపి చూడని మాది.

ఆ తప్పునుండి నేర్చిన సంగతులు క్రింద వ్రాయుచున్నాము. కొనువారు ఎట్లు ఎంచుకొనవలెనో తెలిసిననే నేయువారికి ఏది నేయవలెనో తెలియును. మన ఇండ్లలో ఆడువారు ఈ భాగమును తప్పక చదువవలెనని కోరుచున్నాము.

మొదట, ఆ కిటికీ దేనికొరకు ఉన్నదో చూడవలెను. పడమటి కిటికీ వేరు, వీధి కిటికీ వేరు, మగ్గము ప్రక్క కిటికీ వేరు. పడమటి ఎండకు దళసరి గుడ్డ కావలెను. 2/20 నంబరు నూలు పడుగు, అదే నూలు పేకగా నేసిన గుడ్డ చాలును. లోపల తెల్లని పలుచని గుడ్డతో అస్తరు వేసినచో ఎండ మొదట అస్తరుమీద పడును, రంగు ఎక్కువ దినములు నిలుచును. వీధి కిటికీకి పలుచని తెర పగటిపూట బాగుగానే ఉండును. లోపలివారికి వీధి కనబడును, వీధివారికి లోపల కనబడదు. రాత్రి దీపము వెలిగించిన పిమ్మట ఇది తలక్రిందులగును. కనుక అక్కడ పలుచనిది ఒకటి, దళసరిది ఒకటి, రెండు వరుసలు ఉండుట మేలు. మగ్గము ప్రక్క కిటికీకి అలంకారము వద్దు. నేతకు వెలుతురు ముఖ్యము. ఎండ పొడ పడుగుమీద నేరుగా పడకుండ పలుచని తెల్లగుడ్డ చాలును.

రెండవది కొలత. కిటికీ వెడల్పునకు సరిపోవు గుడ్డ కట్టినచో అది తెర కాదు, పరచిన తువ్వాలు. మడతలు పడవలెనన్న వెడల్పునకు ఒకటిన్నర మొదలు రెండింతలు గుడ్డ కావలెను. మన మగ్గములలో పెక్కింటిమీద 48 అంగుళముల పన్నా నేయవచ్చును. నాలుగు అడుగుల వెడల్పు కిటికీకి రెండు పన్నాలు, ఇరుప్రక్కల ఒక్కొక్కటి. తడిసి ముడుచుకొని, అంచులు మడిచి కుట్టిన తరువాత కూడ అది కిటికీకి ఒకటిముప్పాతిక వంతు నిలుచును. అనగా మన చీర మగ్గము పన్నా సాధారణమైన కిటికీకి సహజముగానే సరిపోవుచున్నది. కొత్త మగ్గము కొనవలసిన పనిలేదు.

పొడవు లెక్క ఇది. కిటికీ ఎత్తు నాలుగు అడుగులు, పైన అర అడుగు, క్రింద అర అడుగు, వెరసి అయిదు అడుగులు. పై మడతకు 4 అంగుళములు, క్రింది మడతకు 6 అంగుళములు చేర్చినచో 70 అంగుళములు. నూరింట అయిదు వంతులు ముడుచుకొనునని లెక్కించి 74 అంగుళములు నేయవలెను. రెండు పన్నాలకు 148 అంగుళములు, అనగా నాలుగు గజములమీద నాలుగు అంగుళములు. క్రింది మడతకు 6 అంగుళములు ఎందుకని అడుగవచ్చును. ఆడి గాలికి అమ్మి రాయి కూడ ఎగురునని ఈ సీమలో సామెత. అడుగున బరువులేని తెర ఆ గాలికి నిలువదు. వెడల్పు మడత వేసిననే బరువుండును. మరల ముడుచుకొన్నచో విప్పి దింపుటకు కూడ అది పనికివచ్చును.

మూడవది రంగు. గోడ రంగులోనే కొంచెము ముదురు చాయ గాని, గదిలో ఉన్న ఏదో ఒక వస్తువు రంగు గాని తెరకు ఎంచుకొన్నచో గది కలిసియుండును. గోడకొక రంగు, సోఫాకొక రంగు, తెరకు మూడవ రంగు అయినచో సంత వలె ఉండును. చిన్న గదికి లేత రంగులు మేలు. కప్పు తక్కువైన గదికి నిలువు చారలు మేలు, కప్పు ఎత్తుగా తోచును. ఇక్కడ నేతగాడు ఒక సంగతి గమనింపవలెను. పడుగులో వేసిన చారలే తెర వ్రేలాడదీసినప్పుడు నిలువు చారలగును. ఆసు పోయునప్పుడే రంగులు అమర్చుకొన్నచో నేతలో వేరు శ్రమలేదు, నాడె మార్చవలసిన పనియు లేదు.

నాలుగవది, తెరకు కొంగు. ఈ మాట మేము పలువురు పెద్దలతో చెప్పి చూచితిమి, వారి ముఖములు వికసించినవి. గజముల లెక్కన పరుగెత్తు మిల్లు గుడ్డకు మొదలులేదు, చివరలేదు. ఎక్కడ కత్తిరించినను ఒకటే. మన విద్య అట్టిది కాదు. చీరకు ఒడలు, అంచు, కొంగు ఏర్పరచి నేయుట మనకు పుట్టుకతో వచ్చినది. తెరను కూడ అట్లే, కిటికీ పొడవు తెలిసికొని, అడుగు భాగమున రెండు మూర్తుల కొంగు, లోపలి ప్రక్కన సన్నని అంచు వేసి నేసినచో అది ఆ కిటికీకొరకే పుట్టిన గుడ్డ అగును. ధరలో మనము మరమగ్గముతో పోటీ పడజాలము. పడదమని చెప్పుట మోసము. కాని ఈ గోడకు ఈ చాయ, ఈ కిటికీకి ఈ పొడవు, నాలుగు కిటికీలకు మాత్రమే, అని అడిగినవానికి ఇచ్చుట చేతిమగ్గమునకు సులభము. మన బలము అక్కడ ఉన్నది.

పాలియెస్టరును మేము ఊరక నిందింపము. అది ముడుచుకొనదు, త్వరగా ఆరును, చవుక. ఆ గుణములకే జనులు దానిని కొనుచున్నారు. మన నూలు గుడ్డ చేతికి మెత్తన, కంటికి చల్లన, వెలుగును చంపక వడకట్టి ఇచ్చును. కాని ముడుచుకొనుట, రంగు వెలియుట అను రెండు లోపములు పోగొట్టనిదే ఈ గుణములు అమ్ముడుపోవు. అందులకు రెండు పరీక్షలు చాలును. నేసిన గుడ్డలో ఒక మీటరు గుర్తు పెట్టి రాత్రంతయు నీటిలో నానవేసి, నీడన ఆరవేసి మరల కొలువవలెను. ఎంత తగ్గినదో అంత పొడవు కలిపి నేయవలెను, లేదా తడిపి ఆరవేసిన తరువాతనే కోయవలెను. రెండవది, గుడ్డ ముక్కను సగము అట్టతో కప్పి, నెల దినములు పడమటి కిటికీకి కట్టి, అట్ట తీసి చూడవలెను. రెండు సగములు ఒకే చాయగా ఉన్న రంగునే తెరకు వాడవలెను. వ్యాట్ రంగులు ఎండకు బాగుగా నిలుచును. డైరెక్టు రంగు చవుక అని వాడి మేము చెడితిమి. ఒక ఇంటి తెరలకు కావలసిన నూలంతయు ఒకే తడవ రంగు వేయవలెను. తరువాత కలిపినది ఎన్నటికిని కలియదు.

ఇప్పుడు ఆక్షేపణలు. “చీర నేసిన చేతితో తెర గుడ్డ నేయుదుమా?” అని కొందరు పెద్దలు అందురు. వారియెడ మాకు గౌరవము కలదు. కాని ఒకటి మనవి చేయుచున్నాము. మన వీధులలో యాబది దాటిన నేతగాండ్రు ఎందరు మగ్గము దిగి కూర్చున్నారు? చేతిలో బలము తగ్గి కాదు. 100 నంబరు పోగు తెగినప్పుడు అది కంటికి ఆనక, అతుకుటకు మనుమని పిలువవలసి, ఆ సిగ్గుతో దిగినారు. అట్టివారికి 2/20 నూలు పోగు చక్కగా కనబడును. మగ్గము దిగిన తండ్రి ఇంటిలో ఎట్లు ఉండునో మనకందరకు తెలియును. ఆయనను మరల మగ్గమెక్కించు గుడ్డ ఏదైనను అది మనకు గౌరవమైనదే.

రెండవ ఆక్షేపణ కూలి. ఇది న్యాయమైనది. అంగుళమునకు 72 పేకలు పడు చీర గుడ్డ మీటరునకు సుమారు 2,835 మారులు నాడె ఆడవలెను. అంగుళమునకు 36 పేకలు పడు తెర గుడ్డకు సుమారు 1,417 మారులు చాలును. అందుచేత మీటరు కూలి సగమునకు సగము చేయవచ్చునని ఏ సంఘమైనను తలచినచో అది అన్యాయము. ముతక నూలు పేక గట్టిగా కొట్టవలెను, కండె త్వరగా అయిపోవును, మార్చుటకు ప్రొద్దు పోవును. కనుక మొదట పది గజములు నేయించి, దినమునకు ఎంత సాగినదో చూచి, చీర నేసినవానికి వచ్చు దినకూలికి తగ్గకుండ తెర కూలి కట్టవలెను. ఇది నిర్ణయింపక ఎవరిని తెర నేయుమని అడుగరాదు. కార్యదర్శులమైన మేము ఈ మాట మాకు మేమే చెప్పుకొనుచున్నాము.

మూడవ ఆక్షేపణ, కొనువారెక్కడ అని. 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో దేశమందు నేతగాండ్రు, అనుబంధ పనివారు కలిసి 35 లక్షలకు పైబడి తేలినారు. మన కులముల ఇండ్లలోని కిటికీలే ఎన్ని ఉండునో లెక్కించుకొనుడు. మనమే మన మొదటి కొనుగోలుదారులము కావలెను. తన కిటికీకి కట్టనివాడు ఇతరుల కిటికీకి కట్టుమని ఎట్లు చెప్పగలడు?

కనుక మా సూచనలు ఇవి. ప్రతి సంఘమును ముందుగా రెండు మగ్గములను మాత్రమే తెరకు విడిచి, ఆరు రకముల నమూనాలు నేయించవలెను. డిజైను, రంగు విషయమై సేలములోను, కాంచీపురములోను, చెన్నపట్టణములోను ఉన్న నేతగాండ్ర సేవా కేంద్రముల సలహా తీసికొనవలెను. అమ్మకపు గదిలో గుడ్డను మడతపెట్టి బీరువాలో దాచక, నిజమైన కిటికీకి వ్రేలాడదీసి చూపవలెను. కిటికీల పుస్తకమని ఒకటి తెరచి, కొన్నవారి పేరు, కిటికీ కొలత, రంగు ముక్క అందులో అంటించి ఉంచవలెను. ఐదేండ్ల తరువాత వచ్చి అదే తెర కావలెనన్నప్పుడు ఆ పుస్తకమే మన మూలధనము.

మా సంఘములో రెండు మగ్గములు ఈ ఆడి మాసములోనే ఎక్కించుచున్నాము. ఒకదానిమీద కూర్చుండుటకు ఒప్పుకొన్నవాడు పైన చెప్పిన గృహప్రవేశపు ఇంటి పెద్దయే. మూడేండ్ల క్రిందట కంటి చూపు చాలక మగ్గము దిగినవాడు. మొదటి నాలుగు పన్నాలు తన ఇంటి ముందు గదికే నేయుదునని, గోడ రంగు ముక్క గీకి కాగితములో మడిచి తెచ్చి మా బల్లమీద పెట్టినాడు. కోడలు కొలతలు వ్రాసి పంపినది. ఆ తెరలు కట్టిన నాడు వచ్చి చూడుడని ఈ పత్రిక పాఠకులందరను ఆహ్వానించుచున్నాము. తప్పులున్నచో అక్కడనే చెప్పుడు. ఈసారి తడిపి చూచియే కట్టుదుము.

— కార్యదర్శి, చేనేత సహకార సంఘము, పెరియకుళం